లెక్కలు అప్పజెప్పాకే సెలవు!

మండీలో గల్లాపెట్టె పక్కన ఏళ్ల తరబడి కూర్చున్న ల్యాప్‌టాప్ ముసలిదైపోయింది. కొత్తది కొనడం ఒక్కపూట పని. కానీ పాతదాని కడుపులో ఉన్న లెక్కలూ తాళాలూ గుట్టుమట్లూ పొల్లుపోకుండా కొత్తదాని చేతిలో పెట్టడమే అసలు పని. అగళి నుంచి ధర్మవరం దాకా ప్రతి చిన్న వ్యాపారికీ ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే ఆ పనిని ఎలా చక్కబెట్టుకోవాలంటే...

అగళి. శ్రీసత్యసాయి జిల్లా కొసన, కర్ణాటక సరిహద్దుని ఆనుకుని ఉండే మండల కేంద్రం. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లా వచ్చేదాకా అనంతపురం జిల్లాలో ఉండేది. పేరుకి ఆంధ్రప్రదేశే అయినా వీధిలో తెలుగెంత వినిపిస్తుందో కన్నడమూ అంతే వినిపిస్తుంది. చుట్టుపక్కల వక్కతోటలు. సరుకు కొనేవాళ్లలో చాలామంది శిర, తుమకూరు వైపు వాళ్లే. అంటే ఇక్కడి వ్యాపారి పక్కవీధి దుకాణానికి సరుకు పంపినంత మామూలుగా పక్క రాష్ట్రానికి పంపుతాడు. లోడు విలువ యాభైవేలు దాటితే ఈ-వే బిల్లు. అంతర్రాష్ట్ర అమ్మకం కాబట్టి ఐజీఎస్టీ లెక్క. బిల్లు తీయడం ఆలస్యమైతే బండి కదలదు. బండి కదలకపోతే డ్రైవరు ఊరుకోడు!

ఇన్ని పనులూ ఎక్కడ జరుగుతాయి? గల్లాపెట్టె పక్కనున్న ఒక్క ల్యాప్‌టాప్‌లో. అలాంటి మండీ ఒకటి ఉందనుకోండి. యజమాని దగ్గర ఒక ల్యాప్‌టాప్, గుమాస్తా దగ్గర ఒక కంప్యూటరు, గోదాములో తూకం దగ్గర ఇంకొకటి, ఒక ప్రింటరు, మూలన మిణుకుమిణుకుమనే ఇంటర్నెట్ డబ్బా. అంతే. దాన్నెవరూ నెట్‌వర్క్ అనరు. కానీ అది నెట్‌వర్కే. హిందూపురంలో చింతపండు, మిర్చి వ్యాపారులైనా, పెనుకొండ దగ్గర విడిభాగాల దుకాణమైనా, ధర్మవరంలో పట్టుచీరల షాపు అయినా... ఏర్పాటు దాదాపు ఇదే.

సర్వర్ అని తెలియని సర్వర్!

పూర్వం దుకాణాల్లో చిట్టా, ఆవర్జా ఉండేవి. ఏ రోజు లావాదేవీ ఆ రోజు చిట్టాలో పడేది. అక్కడి నుంచి ఎవరి ఖాతా వారికి ఆవర్జాలోకి ఎక్కేది. పాత పుస్తకం నిండిపోతే అటక మీదకెక్కేది. ముప్పై ఏళ్ల తర్వాత దించి దుమ్ము దులిపినా అక్షరాలు కనిపించేవి. ఆ పుస్తకాలన్నిటికీ ఒక గుమాస్తా. ఆయన పని మానేసే రోజున కొత్తాయన్ని పక్కన కూర్చోబెట్టుకుని నిల్వలు చూపించి, తాళాలు ఇచ్చి, ఎవరు ఎప్పుడు బాకీ తీరుస్తారో చెవిలో చెప్పి మరీ వెళ్లేవాడు.

ఇప్పుడా గుమాస్తా స్థానంలో ఉన్నది ల్యాప్‌టాపే. కాకపోతే దానికి నోరు లేదు. తనకేం తెలుసో చెప్పదు. మనం అడిగి చెప్పించుకోవాలి.

చాలా దుకాణాల్లో ఇలా జరుగుతుంది. కొత్త ల్యాప్‌టాప్ వస్తుంది. కంప్యూటర్లు బాగుచేసే అబ్బాయి సాయంత్రం వచ్చి గంటసేపు కూర్చుంటాడు. ‘అన్నా, డెస్క్‌టాప్ మీద ఉండేటివన్నీ కొత్తదాంట్లోకి ఎక్కిస్తిని’ అంటాడు. ‘సరేప్పా, పాతదాన్ని తీసుకుపో’ అంటాడు యజమాని. మర్నాడు పొద్దున షట్టరు తీస్తే... గుమాస్తా కంప్యూటర్లో లెక్కల సాఫ్ట్‌వేర్ తెరుచుకోదు. గోదాము నుంచి బిల్లు ప్రింటు రాదు. జీఎస్టీ వెబ్‌సైట్ పాస్‌వర్డ్ అడుగుతుంది. నాలుగేళ్ల నుంచీ దాన్ని ఎవరూ టైపు చేయలేదు, పాత ల్యాప్‌టాపే గుర్తుపెట్టుకుని నింపేసేది. కన్నడంలో రాసిపెట్టుకున్న రేట్ల పట్టిక తెరిస్తే పిచ్చిగీతలు!

తప్పు అబ్బాయిది కాదు. పాత ల్యాప్‌టాప్ నిజంగా ఏమేం పనులు చేస్తోందో ఎవరూ జాబితా రాసుకోకపోవడమే తప్పు. అది చూడటానికి ల్యాప్‌టాపే. చేసేది మాత్రం సర్వర్ పని. లెక్కల డేటా దానిలో ఉంటుంది, మిగతా కంప్యూటర్లు అక్కడి నుంచే తెరుస్తాయి. ప్రింటరు దానికే తగిలించి ఉంటుంది, మిగతావాళ్లు దాని ద్వారానే ప్రింటు తీస్తారు. సాఫ్ట్‌వేర్ లైసెన్సు దాని పేరు మీదే ఉంటుంది.

ఆ పనులన్నీ తెలుసుకోవడానికి ఒక చిట్కా ఉంది. బేరాలు పెద్దగా లేని రోజు చూసి, పాతదాన్ని అరగంట పాటు నెట్‌వర్క్ నుంచి తప్పించండి. ఎవరు, ఎక్కడ నుంచి, ఏం ఆగిపోయిందని కేకేస్తారో రాసుకోండి. కొత్తదానికి అప్పగించాల్సిన బాధ్యతల జాబితాలో సగం ఆ కాగితం మీదే తయారవుతుంది.

మార్చాలా... మరమ్మతు చాలా?

నెమ్మదించిన ప్రతి ల్యాప్‌టాప్‌నీ పారేయక్కర్లేదు. పాతవాటిలో ఉండే హార్డ్‌డిస్క్ గిర్రున తిరిగే పళ్లెం లాంటిది. దాన్ని తీసేసి ఎస్ఎస్‌డీ వేయించి, ర్యామ్ ఎనిమిది జీబీ చేయిస్తే ఎన్నో ల్యాప్‌టాప్‌లు మళ్లీ చురుగ్గా పనిచేస్తాయి. బ్యాటరీ ఉబ్బి కీబోర్డు పైకి లేస్తుంటే మాత్రం ఆలోచించకూడదు. అది లెక్కలకే కాదు, దుకాణానికీ ప్రమాదమే. వెంటనే వాడకం ఆపి బ్యాటరీ తీయించాలి.

ఇప్పుడు చాలామంది ల్యాప్‌టాప్ మార్చాల్సి రావడానికి కారణం వేగం కాదు, విండోస్. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ ఇచ్చే ఉచిత భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. వ్యక్తిగత కంప్యూటర్లకు ఇంకో ఏడాది, అంటే 2026 అక్టోబరు 13 వరకు పొడిగింపు పథకం పెట్టారు. సంస్థలు డబ్బు కట్టి మూడేళ్ల దాకా తీసుకోవచ్చు కానీ, ఏటికేడు రేటు రెట్టింపవుతుంది. చిన్న దుకాణానికి అది గిట్టుబాటు కాదు.

మరి విండోస్ 11 ఎక్కించుకుంటే పోలేదా? అక్కడే మెలిక. దానికి టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలి. ప్రాసెసరూ మరీ పాతది కాకూడదు. ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం నుంచే. తరం తెలుసుకోవడం తేలికే. స్టిక్కరు మీదో సెట్టింగ్స్‌లోనో ఐ5-7200 అని ఉంటే ఏడో తరం. ఐ5-8250 అని ఉంటే ఎనిమిదో తరం. మైక్రోసాఫ్టే ఉచితంగా ఇచ్చే ‘పీసీ హెల్త్ చెక్’ అనే చిన్న ప్రోగ్రామ్ నడిపినా మీ కంప్యూటరు పనికొస్తుందో లేదో చెప్పేస్తుంది. పనికొస్తుందంటే ఎస్ఎస్‌డీ, ర్యామ్ ఖర్చుతో సరి. లేదంటే మార్చక తప్పదు.

‘ఇంతకాలం నడిచింది, ఇంకో రెండేళ్లు నడవదా’ అనుకునేవారికి 2017 మే 12 గుర్తుచేయాలి. ఆ రోజు ‘వన్నాక్రై’ అనే వైరస్ ప్రపంచాన్ని చుట్టేసింది. దాదాపు 150 దేశాల్లో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లలోని ఫైళ్లకు తాళాలు వేసి, 300 డాలర్లు కడితేనే తీస్తానంది. చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల్లో పోలీసు విభాగాల కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. విచిత్రమేమిటంటే, ఆ వైరస్ దూరిన కంతను పూడ్చే అప్‌డేట్‌ని మైక్రోసాఫ్ట్ రెండు నెలల ముందే, మార్చి 14న ఇచ్చేసింది. వేసుకోనివాళ్లే దొరికిపోయారు. అది ఒక కంప్యూటర్లోకి వచ్చి ఊరుకోలేదు. అదే నెట్‌వర్క్‌లో ఉన్న పక్క కంప్యూటర్లను వెతుక్కుంటూ వెళ్లింది. అంటే అప్‌డేట్లు ఆగిపోయిన ఒక్క ల్యాప్‌టాప్ ఉన్నా ముప్పు దానికొక్కదానికే కాదు... దుకాణం మొత్తానికి.

కొనేముందు వెనక్కి తిప్పి చూడండి

కొత్త ల్యాప్‌టాప్ కొనేటప్పుడు అందరూ తెర వైపు చూస్తారు. వ్యాపారానికి కొనేవాళ్లు పక్కల్నీ వెనకనీ చూడాలి. సన్నగా నాజూగ్గా ఉండే చాలావాటికి నెట్‌వర్క్ తీగ పెట్టుకునే చోటే ఉండదు. వైఫైతో సరిపెట్టుకోవచ్చనుకుంటాం కానీ, ఇద్దరు ముగ్గురు ఒకేసారి తెరిచే లెక్కల డేటాకు తీగే నమ్మకం. అలాంటి చోటు లేకపోతే యూఎస్‌బీకి తగిలించే చిన్న అడాప్టరు కూడా కొనుక్కోవాలి.

తర్వాత ప్రింటరు. కార్బన్ కాపీలతో బిల్లులిచ్చే చోట ఇప్పటికీ డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్లే రాజ్యమేలుతున్నాయి. వాటిలో మరీ పాతవాటికి వెడల్పాటి పిన్నుల తీగ ఉంటుంది. అది పెట్టే చోటు కొత్త ల్యాప్‌టాప్‌లకు ఉండదు. కొనకముందే ప్రింటరు మోడల్ నంబరు రాసుకెళ్లి, విండోస్ 11లో దాని డ్రైవరు పనిచేస్తుందా అని అడగాలి.

ఇంకొకటి. తొంభైల్లోనో ఆ తర్వాతో ఎవరో తెలిసినాయన రాసిచ్చిన డాస్, ఫాక్స్‌ప్రో బిల్లింగ్ ప్రోగ్రాములు ఇంకా నడుస్తున్న దుకాణాలున్నాయి. విండోస్ 11 కేవలం 64 బిట్ రకమే. ఆ కాలపు 16 బిట్ ప్రోగ్రాములు అందులో నేరుగా తెరుచుకోవు. డాస్ వాతావరణాన్ని సృష్టించే వేరే సాఫ్ట్‌వేర్ లోపల నడపాలి. లేదా ఇదే అదనుగా కొత్త ప్రోగ్రాముకు మారాలి. ఏదైనా సరే, పాతది చేతిలో ఉండగానే తేల్చుకోవాల్సిన సంగతి.

తాళాలన్నీ గుత్తిగా...

మన వ్యాపారుల లెక్కలకు టాలీ మారుపేరైపోయింది. 1986లో బెంగళూరులో శ్యామ్‌సుందర్ గోయెంకా, ఆయన కొడుకు భరత్ గోయెంకా మొదలుపెట్టిన సంస్థ అది. సొంత వ్యాపారం లెక్కలు తేలిగ్గా చూసుకోవడానికి తండ్రి అడిగితే కొడుకు రాసిన ప్రోగ్రామే దానికి మూలం. భరత్ గోయెంకాకు 2020లో పద్మశ్రీ ప్రకటించారు. ఆ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లు ల్యాప్‌టాప్ మార్చేటప్పుడు రెండు వేర్వేరు పనులు చేయాలి. డేటా తరలించడం ఒకటి. లైసెన్సు తరలించడం రెండోది.

డేటా సంగతి తేలికే. అంకెల పేర్లతో ఉండే ఫోల్డర్లలో ఒక్కో కంపెనీ లెక్కలు ఉంటాయి. బ్యాకప్ తీసి కొత్తదాంట్లో పునరుద్ధరించుకోవాలి. లైసెన్సు దగ్గరే చాలామంది తడబడతారు. పాత ల్యాప్‌టాప్‌లో దాన్ని ‘సరెండర్’ చేసి, తర్వాత కొత్తదాంట్లో యాక్టివేట్ చేయాలి. లైసెన్సు లేకుండా తెరిస్తే అది చదువుకునే పిల్లల కోసం ఉద్దేశించిన ‘ఎడ్యుకేషనల్’ పద్ధతిలో నడుస్తుంది. అప్పుడు నెలలో ఒకటి, రెండు, ముప్పై ఒకటో తేదీల లావాదేవీలు మాత్రమే రాసుకోనిస్తుంది! పలువురు వాడుకునే లైసెన్సయితే మిగతా కంప్యూటర్లు కూడా ల్యాప్‌టాప్ పేరునో ఐపీ నంబరునో పట్టుకునే లైసెన్సు వెతుక్కుంటాయి. పాతది ఏ పేరుతో పలికేదో కొత్తదీ అదే పేరుతో పలికితే వాటి సెట్టింగ్స్ మార్చే పని తగ్గుతుంది. కాకపోతే ఇద్దరికీ ఒకే పేరు పెట్టి ఒకేసారి నెట్‌వర్క్‌లో ఉంచకూడదు. పాతదాన్ని తప్పించాకే కొత్తదానికి ఆ పేరు పెట్టాలి.

తరలించడానికి ముందు పాత ల్యాప్‌టాప్ నుంచి నాలుగు కాగితాలు ప్రింటు తీసి పెట్టుకోవాలి. ట్రయల్ బ్యాలెన్స్, సరుకు నిల్వలు, ఎవరెంత బాకీ అనే జాబితా, చివరి బిల్లు నంబరు. కొత్తదాంట్లో డేటా తెరిచాక అవే నాలుగూ చూసి పైసలతో సహా సరిపోయాయో లేదో టిక్కులు పెట్టుకోవాలి. వెనకటి గుమాస్తా చేతులు మారేటప్పుడు చేసింది ఇదే కదా!

జీఎస్టీ, బ్యాంకు, ఈ-వే బిల్లు పాస్‌వర్డులు చాలావరకు పాత బ్రౌజరే దాచుకుని ఉంటుంది. దాని సెట్టింగ్స్‌లోకి వెళితే దాచిన జాబితా కనిపిస్తుంది. పాతదాన్ని పక్కన పెట్టకముందే ఒక్కొక్కటీ చూసి భద్రంగా రాసుకోవాలి. వాటితోపాటు ఓటీపీ ఎవరి ఫోనుకు వస్తోందో కూడా చూడాలి. ఈ-వే బిల్లు పోర్టల్‌లో రెండంచెల లాగిన్‌ని 2025 ఏప్రిల్ 1 నుంచి అందరికీ వర్తింపజేశారు. ఎప్పుడో మానేసిపోయిన కుర్రాడి నంబరే ఇంకా అక్కడుంటే బండి గేటు దగ్గరే నిలబడుతుంది.

డిజిటల్ సంతకం వాడేవారికి ఒక ఊరట. ఆ సంతకం ల్యాప్‌టాప్‌లో ఉండదు, పెన్‌డ్రైవ్ లాంటి టోకెన్‌లోనే ఉంటుంది. కొత్తదాంట్లో ఆ టోకెన్ డ్రైవరు, సంతకం పెట్టించే చిన్న సాఫ్ట్‌వేర్ వేసుకుంటే చాలు.

ఇక సరిహద్దు ఊళ్లకే ప్రత్యేకమైన చిక్కు... అక్షరాలు. ఒకప్పుడు తెలుగుకి ‘అను’ ఫాంట్లు, కన్నడానికి ‘నుడి’ ఫాంట్లు వాడి కొట్టిన ధరల పట్టికలు, కరపత్రాలు, ఒప్పంద పత్రాలు ఇంకా చాలా దుకాణాల్లో ఉన్నాయి. వాటిలో యూనికోడ్ కానివాటిని ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే అర్థంలేని గుర్తులే కనిపిస్తాయి. ఫైళ్లు పాడైపోలేదు, అవి వేసుకునే చొక్కా పాత ఇంట్లో ఉండిపోయిందంతే. పాతదాంట్లోని ఫాంట్లు ఏవేం ఉన్నాయో చూసి వాటినీ వెంట తెచ్చుకోవాలి. ముఖ్యమైనవాటిని పీడీఎఫ్‌గా మార్చి ఉంచుకుంటే ఎప్పటికీ బెంగలేదు.

పక్కనే ఉన్నా పలకదు!

డేటా వచ్చింది, లైసెన్సు వచ్చింది. అయినా గుమాస్తా కంప్యూటరు నుంచి కొత్త ల్యాప్‌టాప్ ఫోల్డరు తెరవబోతే ‘అనుమతి లేదు’ అంటుంది. లేదా ఉన్నట్టే కనిపించదు. కొత్త ల్యాప్‌టాప్ పెట్టిన తొలిరోజుల్లో ఎక్కువమందికి ఎదురయ్యే తంటా ఇదే. కారణాలు ముఖ్యంగా మూడు.

మొదటిది, కొత్త విండోస్ ఏ నెట్‌వర్క్‌లో చేరినా దాన్ని ముందు ‘పబ్లిక్’ అనే అనుకుంటుంది. అంటే బస్టాండులో ఉన్నట్టు భావించి తలుపులు వేసుకుంటుంది. సెట్టింగ్స్‌లో దాన్ని ‘ప్రైవేట్’గా మారిస్తే ‘ఇది మన ఇల్లే’ అని అర్థం చేసుకుని ఫోల్డర్లు పంచుకోనిస్తుంది.

రెండోది, పాస్‌వర్డు లేని పంపకం. చిన్న దుకాణాల్లో ఫోల్డరుని ‘ఎవరైనా చూడొచ్చు’ అని వదిలేయడం అలవాటు. 2024లో వచ్చిన 24హెచ్2 వెర్షన్ నుంచి విండోస్ 11 ప్రో ఇలా పేరూ ఊరూ చెప్పకుండా వచ్చే అతిథి పద్ధతిని ఒప్పుకోవడం లేదు. దీనికి భద్రతను తగ్గించే అడ్డదారులు చెప్పేవాళ్లున్నారు. ఆ దారి పట్టకుండా కొత్త ల్యాప్‌టాప్‌లో ఒక్కొక్కరికీ ఒక యూజర్‌నేమ్, పాస్‌వర్డు పెట్టి, ఫోల్డరు అనుమతి వారికి ఇవ్వడమే మంచిది. ఎవరు ఏది తెరవొచ్చో యజమాని చేతిలో ఉంటుంది.

మూడోది, భాష తేడా. కంప్యూటర్లు ఫైళ్లు ఇచ్చిపుచ్చుకునే పద్ధతిని ఎస్ఎంబీ అంటారు. గోదాములో ఇంకా విండోస్ ఎక్స్‌పీ నడుస్తుంటే దానికి వచ్చింది ఎస్ఎంబీ ఒకటో రకమే. వన్నాక్రై దూరింది సరిగ్గా ఆ కంతలోంచే. అందుకే 2017 చివరి నుంచి కొత్త విండోస్‌లలో దాన్ని ముందుగా పెట్టడం మానేశారు. ముసలి కంప్యూటరు కోసం కొత్తదాంట్లో మళ్లీ ఆ తలుపు తీయడమంటే, తాళం మార్పించి తాళంచెవి గుమ్మానికి వేలాడదీయడమే. దానిలోని ఫైళ్లను పెన్‌డ్రైవ్‌తో తెచ్చుకుని, ఆ కంప్యూటర్ని నెట్‌వర్క్ నుంచి తప్పించడమే మేలు.

ఇవన్నీ కుదిరాక మూత సంగతి మరిచిపోవద్దు. ల్యాప్‌టాప్ మూత వేయగానే నిద్రపోతుంది. యజమాని భోజనానికి వెళ్తూ మూత వేస్తే గుమాస్తా పని ఆగిపోతుంది. చార్జరు పెట్టి ఉన్నప్పుడు మూత వేసినా మెలకువగా ఉండేలా సెట్టింగ్ మార్చాలి. కరెంటు పోతే ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తుంది కానీ, ఇంటర్నెట్ డబ్బా ఆగిపోతుంది. నెట్‌వర్క్ తెగితే రాస్తూ రాస్తూ ఉన్న లెక్క మధ్యలో చెడొచ్చు. రూటరుకీ ఒక చిన్న యూపీఎస్ ఉంటే ఆ బెడద ఉండదు.

మగ్గం దాకా వెళ్లే ఫైళ్లు

లెక్కల పుస్తకమే ఆస్తి కాని చోట్లూ ఉన్నాయి. ధర్మవరమే తీసుకోండి. పట్టుచీర అంచు మీద హంసో, మామిడిపిందో నేయాలంటే జకార్డు మగ్గానికి ఏ పోగు లేవాలో చెప్పాలి. 1804లో ఫ్రాన్స్‌లో జోసెఫ్ మేరీ జకార్డు రూపొందించిన పద్ధతి అది. చిల్లులు పొడిచిన అట్టలు ఆ సంగతి మగ్గానికి చెబుతాయి. చిల్లుంటే ఒకటి, లేకపోతే ఇంకొకటి. తొలినాటి కంప్యూటర్లు ఆ ఆలోచననే అరువు తెచ్చుకున్నాయి. ఇప్పుడు అదే కంప్యూటరు తిరిగి మగ్గానికి డిజైన్లు గీసిపెడుతోంది.

ఒక డిజైనరు ల్యాప్‌టాప్‌లో ఏళ్ల తరబడి గీసిన అంచులు, కొంగులు ఉంటాయి. అట్టలు అరిగిపోయినా ఫైలుంటే మళ్లీ కొట్టించుకోవచ్చు. ఫైలే పోతే మళ్లీ గళ్ల కాగితం దగ్గర నుంచి మొదలుపెట్టాలి. కొన్ని డిజైన్ సాఫ్ట్‌వేర్లు యూఎస్‌బీకి పెట్టే తాళం ఉంటేనే తెరుచుకుంటాయి. ఆ తాళం డ్రైవరు కొత్త విండోస్‌లో పనిచేస్తుందో లేదో సాఫ్ట్‌వేర్ అమ్మినవారిని ముందే అడగాలి. డిజైన్లను సాఫ్ట్‌వేర్ సొంత పద్ధతిలోనే కాక, మామూలు బొమ్మల ఫైళ్లుగా కూడా దాచుకుంటే రేపు ఆ సాఫ్ట్‌వేర్ లేకపోయినా నమూనా మిగులుతుంది.

ముహూర్తం చూసుకోండి!

ల్యాప్‌టాప్ మార్చడానికీ మంచిరోజు ఉంటుంది. పంచాంగంలో కాదు, జీఎస్టీ క్యాలెండర్లో. నెలనెలా రిటర్నులు వేసేవారికి 11న జీఎస్‌టీఆర్-1, 20న 3బీ గడువులు. మూడు నెలలకోసారి వేసేవారికి మన రాష్ట్రంలో 13, 22 తేదీలు. ఆ దగ్గరి రోజుల్లో చేయి పెట్టకూడదు. రిటర్నులు అయిపోయాక వచ్చే శనివారం రాత్రి దుకాణం కట్టేశాక మొదలుపెడితే, ఆదివారం పరీక్షించుకుని సోమవారం కొత్తదానితో బోణీ చేయొచ్చు.

ఒక్క నియమం మాత్రం తప్పకూడదు. కొత్తదాంట్లో మొదటి బిల్లు కొట్టిన క్షణం నుంచి పాతదాంట్లో ఒక్క అక్షరం కూడా రాయకూడదు. రెండింటిలోనూ రాస్తే లెక్క రెండు పాయలవుతుంది. ఏది నిజమో తేల్చడం ఆడిటరు తరం కూడా కాదు. అలాగని పాతదాన్ని వెంటనే పంపేయనూ కూడదు. కనీసం ఒక రిటర్నుల గడువు దాటేదాకా దాన్ని నెట్‌వర్క్‌కు దూరంగా బీరువాలో ఉంచాలి. మరిచిపోయిన ఫైలొకటి తప్పకుండా గుర్తొస్తుంది.

బ్యాకప్‌కు ప్రపంచమంతా చెప్పుకునే సూత్రం ఒకటుంది... మూడు, రెండు, ఒకటి. మూడు ప్రతులు, రెండు రకాల సాధనాల్లో, ఒకటి దుకాణం బయట. ల్యాప్‌టాప్‌లో ఒకటి, బయటి హార్డ్‌డిస్క్‌లో ఒకటి, ఇంట్లోనో క్లౌడ్‌లోనో ఇంకొకటి. హార్డ్‌డిస్క్‌ని ఎప్పుడూ తగిలించి ఉంచకూడదు. ఫైళ్లకు తాళం వేసే వైరస్ వస్తే దానికీ వేస్తుంది. నెలకోసారి ఆ బ్యాకప్‌ను తెరిచి చూడాలి. తెరుచుకోని బ్యాకప్ ఉన్నా లేనట్టే.

కొత్త ల్యాప్‌టాప్‌కు సంబంధించిన ఇంకో జాగ్రత్త. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయితే చాలా కొత్త ల్యాప్‌టాప్‌లు తమంతట తామే డిస్క్‌ని రహస్య సంకేతాల్లోకి మార్చేసుకుంటాయి. దొంగ ఎత్తుకుపోయినా లెక్కలు చదవలేడు, మంచిదే. కానీ రేపు అది మొరాయించి ‘రికవరీ కీ’ అడిగితే ఆ 48 అంకెలు లేకుండా యజమాని కూడా చదవలేడు! అది ఆ ఖాతాలో దాగి ఉంటుంది. ఖాతా దుకాణం అబ్బాయి పేరు మీద కాకుండా యజమాని పేరు మీద ఉండాలి. అంకెలను కాగితం మీద రాసి గల్లాపెట్టెలో పెట్టుకోవాలి.

పాతది ఎటు పోవాలి?

అన్నీ అయ్యాక పాతదాన్ని పాత సామాన్లవాడికి ఇచ్చేయడమేనా? ఫైలుని డిలీట్ చేయడమంటే పుస్తకం విషయసూచికలో పేరు కొట్టేయడమే. పేజీలు లోపల అలాగే ఉంటాయి. ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్‌తో ఎవరైనా వాటిని పైకి తీయొచ్చు. రైతుల ఆధార్ కాపీలు, బ్యాంకు ఖాతాల నంబర్లు, ఎవరు ఎంత అప్పున్నారనే సంగతులు... అవి మన రహస్యాలు మాత్రమే కాదు, మనల్ని నమ్మినవారివి. వ్యక్తుల డిజిటల్ సమాచారాన్ని కాపాడాలంటూ 2023లో చట్టం కూడా వచ్చింది.

కాబట్టి విండోస్‌లో ‘రీసెట్’ చేసేటప్పుడు డ్రైవుని పూర్తిగా శుభ్రం చేయమనే ఎంపిక పెట్టాలి. అంతకంటే నిశ్చింత కావాలంటే డిస్క్‌ని విప్పించి దగ్గరుంచుకోవచ్చు. జీఎస్టీ చట్టం ప్రకారం లెక్కలను వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు భద్రపరచాలి. అంటే 2024-25 లెక్కలు 2031 డిసెంబరు 31 దాకా ఉండాలి. అందుకని చెరిపే ముందు ఆ ఏళ్ల లెక్కలన్నీ కొత్తదాంట్లో తెరుచుకుంటున్నాయో లేదో మరోసారి చూసుకోవాలి.

మిగిలిన ల్యాప్‌టాప్‌ని ఈ-వ్యర్థాలు తీసుకునే గుర్తింపు పొందిన సంస్థకో, తయారీ కంపెనీ సేకరణ కేంద్రానికో ఇవ్వాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనలు వాటిని సక్రమంగా రీసైకిల్ చేయించే బాధ్యతను తయారీదారుల మీద పెట్టాయి. లిథియం బ్యాటరీని చెత్తకుప్పలో వేస్తే మండుతుంది, ఇనుప సామాన్లతో కలిపి నలిపినా మండుతుంది. ఇంకా నడిచేదైతే, విండోస్ తీసేసి ఉచితంగా దొరికే లినక్స్ వేయించి పిల్లలకు టైపింగ్ నేర్చుకోవడానికి ఇవ్వొచ్చు.

ఇవి సరిచూసుకున్నారా?

* పాతది చేసే పనుల జాబితా, మిగతా కంప్యూటర్లు దాన్ని పిలిచే పేరు, ఐపీ నంబరు
* నాలుగు ప్రింట్లు: ట్రయల్ బ్యాలెన్స్, సరుకు నిల్వలు, బాకీలు, చివరి బిల్లు నంబరు
* లైసెన్సు సరెండర్, కొత్తదాంట్లో యాక్టివేషన్
* బ్రౌజరులో దాచిన పాస్‌వర్డులు, ఓటీపీలు వచ్చే ఫోను నంబర్లు
* తెలుగు, కన్నడ ఫాంట్లు
* పాత ల్యాప్‌టాప్‌లోనే ఉండిపోయే ఈ-మెయిళ్లు
* ప్రతి కంప్యూటరు నుంచి ఒక్కో బిల్లు ప్రింటు తీసి చూడటం
* ఫోనులోని ‘లింక్డ్ డివైసెస్’ నుంచి పాత ల్యాప్‌టాప్ వాట్సాప్‌ను తొలగించడం
* రికవరీ కీ కాగితం మీద... ఆ కాగితం గల్లాపెట్టెలో

ఈ జాబితాను ఒక పుస్తకంలో రాసి తేదీ వేసి ఉంచితే ఇంకో లాభముంది. ఇప్పుడు కొన్న కొత్తదీ కొన్నేళ్లకు పాతదవుతుంది. అప్పుడు అరగంట తీగ పీకి ఎవరు కేకేస్తారో చూడాల్సిన పని ఉండదు. పుస్తకం తెరిస్తే చాలు!